టేపు చుట్టిన సూట్

మార్చి 4
మళ్ళీ పనిలోకి వెళ్ళాను. షాపు వెనక అదే టబ్, డైవింగ్‌కి అద్దెకిచ్చే అవే రబ్బరు సూట్లు. ఓనరు నా మొహం చూడలేక టబ్‌తో మాట్లాడినట్టు మాట్లాడాడు. అన్నీ కడిగాను. మా ఇంట్లో ఉన్న ఒక్కటి తప్ప.

మార్చి 5
మా ఆయన ఆ షాపులోనే డైవింగ్ నేర్పేవాడు. ఆ రోజు సముద్రం నుంచి వచ్చి, సూట్ విప్పి బాత్రూములో పడేసి, గుండెల్లో బరువుగా ఉందన్నాడు. హాస్పిటల్ నుంచి మనిషి తిరిగి రాలేదు. నేను ఇంటికి వచ్చేసరికి సూట్ ఇంకా తడిగానే ఉంది. ఆయన వాసన ఎక్కడ పోతుందోనని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గాలి చొరకుండా టేపు చుట్టేశాను. రోజూ పడుకునే ముందు కవర్ మీద చెయ్యి వేస్తాను. అంతే.

మార్చి 9
ఓనరు సూట్ అడిగాడు. మా ఆయన స్థానంలో వచ్చినతనిదీ అదే కొలతట. సూట్ షాపుది, కాదనలేను. శుభ్రం చేసి తెమ్మన్నాడు, నీకంటే బాగా ఎవరు కడుగుతారమ్మా అన్నాడు. మెచ్చుకున్నాననుకున్నాడు పాపం. నాకు ఒళ్ళు మండిపోయింది.

మార్చి 10, ఉదయం 6
పెళ్ళయ్యాక మా మొదటి పోట్లాట ఈ సూట్ గురించే. నీళ్ళలో చలేస్తే అందరూ సూట్లోనే ఒంటేలు కానిచ్చేస్తారు, నేను మాత్రం కాదు, ఒట్టు, అనేవాడు. కడిగేది నేను! నాకు ముక్కు లేదా? నిలదీస్తే, పెళ్ళాం కడుగుతుందన్న ధైర్యం అని నవ్వాడు. రెండు మూడు రోజులు మాట్లాడలేదు. ఆ మాట్లాడని రోజులు ఇప్పుడు తిరిగి కావాలి.

మార్చి 12
ఇచ్చేముందు ఒక్కసారి నాకూ చూపించవే, వాడి వాసన తగులుతుంది, అంది అత్తయ్య. ఇద్దరం బాత్రూము గుమ్మంలో కూర్చుని టేపు కోశాం.

గుప్పుమంది. బూజు. పుల్లటి కుళ్ళు కంపు. మెడ దగ్గర తెల్లటి మచ్చలు. తడి సూట్ కవర్లో పెట్టొద్దని కస్టమర్లను రోజూ తిట్టేది నేనే. దాచుకుందామని నేనే పాడుచేశాను. తడిగా మూసిపెడితే ఎవరి సూటైనా ఇదే వాసన. ఇందులో ఆయన లేడు.

అత్తయ్యకు అర్థమైంది. అయినా ముక్కు మూసుకోలేదు. సూట్ మొహం దగ్గర పెట్టుకుని, వీడు చిన్నప్పుడూ ఇంతే, స్నానమంటే పారిపోయేవాడు అంది. పచ్చి అబద్ధం. ఆయనకు రోజుకు రెండు స్నానాలు. నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఇద్దరికీ ఏడుపు తన్నుకొచ్చింది.

మార్చి 13
సూట్ లోపలివైపు బయటికి తిప్పి, గోరువెచ్చటి నీళ్ళలో వెనిగర్ కలిపి నానబెట్టాను. తర్వాత బేబీ షాంపూ, మెత్తటి బ్రష్. మెడ, చంకలు, మోకాళ్ళు. వేడినీళ్ళు పొయ్యకూడదు, పిండకూడదు, ఎండ తగలకూడదు. మనిషిని ఇంత జాగ్రత్తగా చూసుకున్నానా? ఎత్తేటప్పుడు అత్తయ్య భుజాలు పట్టుకుంది, నేను కాళ్ళు పట్టుకున్నాను. వెడల్పాటి హ్యాంగర్‌కి వేసి నీడలో ఆరబెట్టాం.

మార్చి 15
ఇచ్చేశాను. కొత్తతను మెడ దగ్గర వాసన చూసి, అసలు ఎవరూ వేసుకోనట్టే ఉందండీ అన్నాడు. థాంక్స్ చెప్పాను.

మార్చి 17
కొత్తతని సూట్ కడగడానికి వచ్చింది. నీళ్ళలో చలేసినట్టుంది.
అచ్చం మా ఆయన.
కాసేపు నీళ్ళు పొయ్యలేదు.