నడిస్తేనే వచ్చే ఎక్కాలు

మావా,

ఎలా ఉన్నావు? ఇక్కడ మేం ముగ్గురం కులాసా. నువ్వు పోయాక చెరకు ఒక కోత అయిపోయింది. మళ్ళీ పిలకలు మోకాలెత్తు లేచాయి. ఇన్నాళ్ళూ ఒక్క ముక్క రాయలేదేమని కోపం తెచ్చుకోకు... రాయడానికి నా దగ్గర మంచి మాట లేకపోయింది. ఇప్పుడు దొరికింది, కూర్చున్నాను.

ముందు ఒక సంగతి. ఇది ఎవరిచేత రాయిస్తోందా అని చూస్తున్నావు కదూ? ఎవరిచేతా కాదు, నేనే. నువ్వు మసి పట్టిన రేకు మీద పిల్లలచేత అక్షరాలు దిద్దిస్తుంటే, పక్కన తిత్తి ఊదే మనిషి ఊరికే ఊదుతోందనుకున్నావా? నీ బడిలో నువ్వు లెక్కలోకి తీసుకోని పిల్ల ఒకతి ఉండేది మావా. ఒత్తులు అక్కడక్కడ తప్పి ఉంటాయి, సర్దుకో.

దొరల చెరకు తోటకి రాసిచ్చిన గిరిమిట్టు ఒప్పందం ఐదేళ్ళూ తీరి, కూలీ లైను గదులు వదిలిన రోజున మనం ఎంత పోట్లాడుకున్నామో గుర్తుందా? అందరూ చెక్క నేల కౌలుకి పట్టి చెరకు వేసుకుంటుంటే, నువ్వు మాత్రం కావడి భుజానికెత్తుకున్నావు. ఒక బుట్టలో తిత్తి, బొగ్గులు. రెండో బుట్టలో కళాయికి తగరం, నవాసాగరం పొడి, మన తిండి గిన్నెలు. ఏ లైనుకెళ్ళినా ఇత్తడి గిన్నెలకి కళాయి పోయి చిలుము పట్టి ఉన్నాయి, కళాయి వేసేవాడికి పనికేం కరువన్నావు. పని సరే, పిల్లల చదువు మాటేమిటని నేను అడిగాను.

"ఏటే నూకాలూ, బడంటే నాలుగ్గోడలేటి? మనం నడిసినంత దూరం బడే" అన్నావు.

తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవని ఊరికే అనలేదు పెద్దలు. కాలు నీది, నోరు నాది. దారి పొడుగునా రెండూ ఆడుతూనే ఉన్నాయి.

తిట్టాను కానీ, నువ్వు చెప్పే పద్ధతి చూస్తే ముచ్చటేసేది. పొద్దున్నే బయలుదేరితే ఎక్కాలు మొదలు. పాదానికో మాట. మూడు రెళ్ళు ఆరు, మూడు మూళ్ళు తొమ్మిది... చదును దారికి మూడో ఎక్కం, ఇసుక దారికి నాలుగో ఎక్కం. కొండ ఎదురైతే ఏడో ఎక్కం.

"ఎత్తుకాడ ఏడోది అందుకోండ్రా గుంటలూ, కాళ్ళ నొప్పి తెలవదు" అనేవాడివి. అప్పన్న చిన్నవాడు, అరుస్తూ పరిగెత్తేవాడు. సీతాలు మాత్రం నెత్తిమీద మూట కదలకుండా, అడుగుకి అడుగు కొలిచినట్టు చెప్పేది. వెనక నడుస్తూ నేను దాని మడమలే చూసేదాన్ని.

మధ్యాహ్నం ఏ లైను దగ్గరో కొలిమి పెట్టాక చదవడం, రాయడం. సాయంత్రం లైనులో ముసలాళ్ళ దగ్గర కథలు. ఒకడిది తంజావూరు, ఒకడిది మలబారు, ఇంకొకడిది కాశీ పక్క ఏదో ఊరు. ఉప్పు అడగాలంటే మన పిల్లలు నాలుగు భాషల్లో అడిగేవాళ్ళు. నాకు రెండు భాషల్లో అడగడానికే నోరు తిరిగేది కాదు.

బా ఊరి దగ్గర ఏరు పొంగి, ఈ దీవుల్లో మొదట్నించీ ఉన్న కాయివీటీల ఊళ్ళో చిక్కుపడిపోయాం చూడు... ఈ నేల వాళ్ళది, మనం వాళ్ళకి ఏం అవుతామని? అయినా చాపలు పరిచి పడుకోమన్నారు. ఆ ముసలమ్మ అప్పన్నకి ఈత నేర్పింది. సీతాలుకి కొబ్బరాకుతో బుట్ట అల్లడం నేర్పింది, దువా, రువా, తోలు అని వాళ్ళ అంకెలు చెప్పింది. నీకేమో ఆ ఇంటి మగాళ్ళు యంగోన వేరు కలిపిన నీళ్ళు తాగడం నేర్పారు. కొబ్బరి చిప్ప ఎత్తేముందు చప్పట్లు కొట్టడం, తాగి మళ్ళీ కొట్టడం. ఆ బురదనీళ్ళలో ఏం రుచి కనిపించింది నీకు? నువ్వు ఇంకో చిప్ప అడిగినప్పుడు ముసలమ్మ నన్ను చూసి నవ్విన నవ్వు నేను మరిచిపోలేదు.

సుఖంగానే గడిచింది మావా. కాదనను. కానీ లోపల ఒక భయం తొలుస్తూనే ఉండేది. సీతాలుకి పదకొండేళ్ళు వచ్చాయి. ఒక్కనాడూ బడి బల్ల మీద కూర్చుని ఎరగదు. రేపు మనకేమైనా అయితే ఈ దారి చదువుని చదువని ఎవరొప్పుకుంటారు? పదకొండేళ్ళ కూలి పిల్లకి ఈ దేశంలో తెరిచి ఉండే తలుపు ఒక్కటే, అది చెరకు తోటలోకి.

ఆ భయం రాకిరాకి ఊళ్ళో నిజమైంది. దగ్గు అన్నావు, తగ్గుతుందన్నావు. తగ్గలేదు. ఆఖరికి నా చెయ్యి పట్టుకుని ఒక్కటే అన్నావు.

"గుంటల సేతికి పార ఇయ్యకే. ఇంకేటన్నా ఇయ్యి."

సరేనన్నాను. ఎలాగో తెలియకుండానే అన్నాను. ఆ సమయంలో ఇంకేమనను?

సముద్రపు ఒడ్డున నీకు చెయ్యవలసింది చేసి, తెరచాప పడవెక్కి అవతలి దీవిలోని లంబాసా వచ్చేశాం. నాతో పాటు ఒకే ఓడలో వచ్చిన పైడమ్మక్క ఉంది కదా, ఇక్కడి వునిమోలి పల్లెలో ఉంటోంది. తోడబుట్టినవాళ్ళని సముద్రానికి అవతల వదిలేసి వచ్చాం, ఓడలో తోబుట్టువులయ్యాం. నన్ను చూడగానే ఏమీ అడగకుండా అన్నం వడ్డించింది. వాళ్ళ పాక పక్కనే మాకో చూరు దించి ఇచ్చింది.

కానీ ఎన్నాళ్ళని వాళ్ళ మీద పడి తినడం? కలుపు తీసే గుంపులో మా ముగ్గురికీ చోటుందని పైడమ్మక్కే కూలీల మీద ఉండే సర్దారుతో మాట్లాడి వచ్చింది. సోమవారం నుంచి రమ్మన్నాడు. అక్క తప్పేమీ లేదు, మంచికే చేసింది. ఇక్కడ అందరి పిల్లలూ వెళుతున్నారు. ఆ సాయంత్రం అక్క పెద్ద పార ఒకటి, చిన్న పారలు రెండు తెచ్చి గోడకి ఆనించింది. పార ఇవ్వకన్న నీ మాట గుర్తొచ్చి, రాత్రే పిల్లల మంచి బట్టలు తీసి పెట్టాను.

తెల్లారి శుక్రవారం. పిల్లలిద్దరికీ తలలు దువ్వి బడికి తీసుకుపోయాను. ఇక్కడ చెరకు రైతులందరూ కలిసి కట్టుకున్న రేకుల బడి ఒకటుంది. మాస్టరు మద్రాసు వైపు నుంచి వచ్చినాయన, తెలుగు బాగా వచ్చు. మనిషి మెత్తన, గొంతు మాత్రం గట్టి.

అప్పన్నతో పేచీ లేకపోయింది. నిలబెట్టి అడిగితే గెంతుతూ చెప్పాడు, వాడి ఈడు పిల్లల్లోకి తోసేశారు. తర్వాత సీతాలుని పిలిచి బల్ల మీద కూర్చోమన్నారు. మూడో ఎక్కం చెప్పమన్నారు.

మావా... అది నోరు తెరవలేదు.

మూడో ఎక్కం! నిద్రలో లేపినా చెప్పే పిల్ల. కూర్చున్నది కూర్చున్నట్టే బిగుసుకుపోయింది. రెండో ఎక్కం అడిగారు, అదీ లేదు. కళ్ళనిండా నీళ్ళు. ఇంత పెద్దపిల్లని ఓనమాల పిల్లల్లో కూర్చోబెడితే దానికే సిగ్గు, ఇంటికి తీసుకుపోయి పనీ పాటా నేర్పించమని మాస్టరు నెమ్మదిగానే చెప్పారు. ఇల్లంటే మాకు ఏమిటో ఆయనకి తెలియదు కదా. నాకు గోడకి ఆనించిన పారలు కనిపించాయి. నీ మీద ఎంత కోపం వచ్చిందనుకున్నావు! ఇదేనా నీ బడి, ఇంత నడిపించి నా బిడ్డని ఇక్కడికేనా తెచ్చావు అని లోపల్లోపల నిన్ను కడిగేశాను.

తల దించుకుని లేవబోతుంటే బల్ల కింద దాని కాళ్ళు కనిపించాయి. కాలి బొటనవేళ్ళు ఒకటి తర్వాత ఒకటి నేలని నొక్కుతున్నాయి. ఎడమ, కుడి, ఎడమ, కుడి...

అప్పుడు అర్థమైంది. ఈ పిల్ల ఒక్క ఎక్కం కూడా కూర్చుని నేర్చుకోలేదు. కాళ్ళు ఆగితే దానికి నోరూ ఆగిపోతుంది!

నాకంత ధైర్యం ఎక్కణ్ణించి వచ్చిందో తెలియదు. దీన్ని ఒక్కసారి నడవనివ్వండి బాబూ అని చేతులు జోడించాను. మాస్టరు నన్ను వింతగా చూశారు. నేను నా భుజం మీది తుండుగుడ్డ చుట్ట చుట్టి, మూటకి బదులు దాని నెత్తిమీద పెట్టి, వాకిట్లోకి పంపాను.

నాలుగు అడుగులు వేసిందో లేదో, మూడో ఎక్కం జలజలా వచ్చేసింది. నాలుగోది చెప్పమంటే ఇసుకలో నడిచినట్టు కాస్త మెల్లగా చెప్పింది. మాస్టరు మెట్లు దిగి దాని పక్కన నడవడం మొదలుపెట్టారు. ఏడోది చెప్పమన్నారు. సీతాలు ఆగిపోయి అటూ ఇటూ చూసింది. ఏం వెతుకుతోందో ఆ వాకిట్లో నాకొక్కదానికే తెలుసు. బడి వెనక వాగు గట్టు కనబడగానే అటు తిరిగి ఎక్కసాగింది. ఏడు రెళ్ళు పద్నాలుగు, ఏడు మూళ్ళు ఇరవై ఒకటి... పంచె ఎగ్గట్టి మాస్టరు కూడా వెనకే ఎక్కారు. కిటికీల్లోంచి పిల్లలందరూ ఒకటే నవ్వు. గట్టు మీద ఏడు పదులు డెబ్బై అయ్యేసరికి మాస్టరూ రొప్పుతూ గొంతు కలిపి చెబుతున్నారు.

తర్వాత పుస్తకం ఇస్తే కూర్చునే గడగడా చదివింది. చదవడం మనం మజిలీల్లో కూర్చుని నేర్పాం కదా, దానికి పేచీ లేదు. మూడో తరగతిలో కూర్చోబెట్టుకుంటామన్నారు మాస్టరు. ఎక్కాల వేళకి వరండాలో నడుచుకోవచ్చుట. మెల్లిగా కూర్చోవడం కూడా అలవాటవుతుందిట.

గుండె మీంచి బండ దింపినట్టయింది మావా. అక్కడే మట్టిలో చతికిలపడి నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. పైడమ్మక్క విని, సర్దారుకి తనే సర్దిచెబుతానంది. చిన్న పారలు రెండూ అటకెక్కించింది.

మరి తిండి మాటేమిటంటావా? నీ తిత్తి నా దగ్గరే ఉంది. మామిడిచెట్టు కింద కొలిమి పెట్టాను. మొదటి గిన్నె మాడి నల్లబడింది, నవ్వకు. రెండోది కూడా పూర్తిగా తెల్లబడలేదు. ఇప్పుడు మాత్రం గిన్నె కాల్చి, నవాసాగరం చల్లి, తగరం అంటించి దూదితో ఒక్క తుడుపు తుడిస్తే మొహం చూసుకోవచ్చు. ఆడమనిషి కళాయి వేయడమేమిటని మొదట్లో వింత చూడ్డానికి వచ్చారు. వచ్చినవాళ్ళు చేతిలో ఒక గిన్నె పట్టుకునే వచ్చారు.

నువ్వే గెలిచావని మాత్రం నాచేత అనిపించలేవు. నువ్వు నడిపించకపోతే దాన్ని ఈ బడి తీసుకునేది కాదు, నిజమే. కానీ ఈ బడి లేకపోతే నీ దారి ఎక్కడికి తేలేది, చెప్పు? ... పోనీలే. జవాబు చెప్పకపోయినా ఫరవాలేదు. రాత్రిళ్ళు నిద్ర పడుతోంది, నాకదే పదివేలు.

నిన్న సీతాలు బడినించి వచ్చి, పదమూడో ఎక్కం ఎలా మొదలవుతుందే అమ్మా అని అడిగింది. దారిలో పన్నెండో ఎక్కం అయిపోగానే మళ్ళీ మొదట్నించి అందుకోమనేవాడివి. పన్నెండు తర్వాత ఎక్కాలు లేవనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. నీకు అంతవరకే వచ్చని నిన్న తెలిసింది. మాస్టరు చెప్పిన ముక్క పట్టుకుని పెరట్లో అదే నడుస్తోంది. ఈ దారి నీకూ తెలియదు, నాకూ తెలియదు. అయినా భయం వేయడం లేదు మావా.

విని రాసుకున్నంత వరకు ఇక్కడ పెడుతున్నాను, నువ్వూ నేర్చుకో. పదమూడు ఒకట్ల పదమూడు. పదమూడు రెళ్ళు ఇరవై ఆరు. పదమూడు మూళ్ళు ముప్ఫై తొమ్మిది...

ఆ తర్వాతిది సీతాలు ఇంకా నడుస్తోంది.

నీ
నూకాలు