మా పడవే లాక్కొచ్చింది

అక్కా,

మేము క్షేమం. మునగలేదు, ముందు ఆ బెంగ వదిలెయ్.

నెలంతా నేనూ మీ మరిదీ మన పడవను బోర్లా తిప్పి, పాత రంగు గీకి, పగుళ్లలో నూలు కూరి తారు పూశాం. పక్క పడవ మీసాలాయన రోజూ వచ్చి, "ఏమ్మా, ఇది పడవ కాదు, జల్లెడ. పొయ్యిలో పెట్టుకోండి" అని నవ్వేవాడు. నిన్న నీళ్లలోకి దించాం. లోపలికి చుక్క రాలేదు! తెడ్లు వేసుకుంటూ అవతలి ఒడ్డుకు వెళ్లి తిరిగొస్తుంటే, నడిమధ్యలో ఆయన కొత్త మోటారు పడవ ఆగిపోయి ఉంది. భార్య గొడుగు వేసుకుని, మొహం అటు తిప్పుకుని కూర్చుంది.

"చెల్లెమ్మా, కాస్త తాడు వెయ్యమ్మా" అన్నాడు.

"జల్లెడకు కట్టుకుంటారా అన్నయ్యా?" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వేసింది. రేవు దాకా మేమే లాక్కొచ్చాం. ఒడ్డున ఉన్నవాళ్లంతా ఒకటే చప్పట్లు! అరచేతులు బొబ్బలెక్కినా సంబరం తగ్గలేదు.

అన్నట్టు, అమ్మ గోనెలు కుట్టే పెద్ద సూది నీ దగ్గరుందా? పడవకు ఎండ పందిరి కుట్టాలి, పంపు. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వంటింటి కుళాయి బాగుచేయించావా? బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. పడవకు నీ పేరే పెట్టాం. రాసిన రంగు ఆరింది, వచ్చి ఎక్కు.

నీ చెల్లి