లిథువేనియా ఆవిడకి ఇచ్చిన మాట

ద్రాక్షారామం

మంగతాయారుకి, నేను కులాసా. మా లాడ్జీలో దిగిన విదేశీ ఆవిడ మొన్న పోయిందని ఈపాటికి వినే ఉంటావు. జ్వరం ముదిరి పోయింది, ఎవరి తప్పూ లేదు. కంగారు పడకు.

ఆవిడది లిథువేనియా. వాళ్ళ భాషా సంస్కృతమూ ఒక తల్లి బిడ్డలని పుస్తకాల్లో చదివి అందరికీ చెబుతుంటాను కదా. అందుకే ఓనరుగారు "మీ చుట్టాలావిడేనండీ గుమస్తాగారూ, ఏం కావాలో కనుక్కోండి" అని నన్ను పంపేరు. జ్వరంలో ఇంగ్లీషు మరిచి సొంత భాషే మాట్లాడుతోంది. తర్జుమా చేస్తుందని ఫోను దగ్గర పెడితే ఆ నీరసపు గొంతు దానికీ అందలేదు. నాకు 'సూను' అన్న మాట ఒక్కటే తెలిసింది. కొడుకు. మన సంస్కృతం మాటే కదా అని ఒక్క క్షణం పొంగిపోయేను. ఆ కొడుకుని పిలవమందో, పిలవొద్దందో మాత్రం తెలియలేదు. నా చెయ్యి పట్టుకుని అదే మళ్ళీ మళ్ళీ అడిగింది. చూడలేక "ఆయ్, అలాగేనండీ" అన్నాను. నిమ్మళించి కళ్ళు మూసుకుంది. డాక్టరుగారు వచ్చేసరికే అయిపోయింది.

కొడుకు రేపు వస్తున్నాడు. అమ్మ ఏమందని ఫోనులో రెండుసార్లు అడిగేడట. నేను దేనికి ఒప్పుకున్నానో నాకే తెలియదు, అతనికేం చెప్పను? ఇక ఆ పుస్తకాలు ముట్టుకోబుద్ధి కావడం లేదు.

కొబ్బరి దింపు అయ్యిందా? నా గొడుగు ఎవరిచేతనైనా పంపించు. పిల్లలకి దీవెనలు. అమ్మకి మాట తడబడుతోందని రాసేవు. పక్కన కూర్చుని, ఏం కావాలో ఇప్పుడే అడుగు.

సత్తిరాజు