తెర కింది పాదాలు

బ్లాక్‌టౌన్,
ఆదివారం ఉదయం.

చిరంజీవి చందుకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నీ మెడ నొప్పి తగ్గిందని వినేదాకా అది పైకి చెప్పే మాటే అనుకో.

ఫోనులో అయితే నా గొంతు లేస్తుంది, నువ్వు పెట్టేస్తావు. అందుకే కాగితం. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు ఫరవాలేదు. స్టేషన్లో లిఫ్టు ఉన్నా మెట్లే ఎక్కుతుంది, చెబితే వినదు. కరివేపాకు మొక్కను చలికి గరాజులో పెట్టాను. కారు బయట తడుస్తోంది, మొక్క లోపల మహారాణిలా ఉంది.

ఇక నువ్వున్న సెవిల్ ఊరి సంగతి. అక్కడ ఈస్టరు ముందు వారం జరిగే ఉత్సవాల్లో మరియమ్మ పల్లకి మోసే జట్టులో చేరానని నువ్వు రాసినప్పుడు నాకు ఒళ్లు మండింది. మతం గురించి కాదురా. మన గుడి ఉత్సవానికి ఏటా ఒక్కసారి భుజం పట్టరా అని బతిమాలాను. "డాడ్, ఫుటీ మ్యాచ్ ఉంది, నెక్స్ట్ ఇయర్ చూద్దాం," అనేవాడివి. కదిరిలో మా నాయనా నేనూ నరసింహస్వామి వాహనం మోసినవాళ్లం. మన స్వామికి దొరకని నా కొడుకు ఎక్కడో ఎవరి ఊరేగింపుకో దొరికాడా అని కుళ్లుకున్నాను.

ఆ ఉత్తరంలోనే నువ్వు ఒకటి అడిగావు. "నాన్నా, ఇక్కడ వెయిట్ అంతా మెడ వెనక పడుతుంది. తలకు చుట్టుకునే గుడ్డ జారిపోతోంది. నువ్వెలా మడిచేవాడివి?"

"వాడు అడిగిండేది గుడ్డ మడత గురించే గదా. రాస్తే ఏం పోతాది?" అంది అమ్మ.

"అక్కడ నేర్పేటోళ్లు లేరా? వాళ్లనే అడగమను," అన్నాను. రాయలేదు.

ఊరేగింపు నేను చూడలేదని అమ్మ చేత చెప్పించాను. అది అబద్ధం. అక్కడ రాత్రి, ఇక్కడ తెల్లవారింది. ల్యాప్‌టాప్‌లో లైవ్ పెట్టుకుని కూర్చున్నాను. వెండి స్తంభాల మధ్య, కొవ్వొత్తుల వెలుగులో అమ్మవారు కదిలి వస్తున్నారు. మోసేవాళ్లు ఒక్కరూ కనపడరు. ముఖమల్ తెర కింద పాదాలే కనిపిస్తాయి, అన్నిటికీ ఒకే రకం చెప్పులు. అయినా నిన్ను పట్టేశాను. పెరట్లో ట్రాంపొలీన్ మీంచి పడి చీలమండ విరిగినప్పటి నుంచి నీ కుడి పాదం బయటికి తిరుగుతుంది కదా. ఆ పాదం తడబడుతోంది. గుడ్డ జారి పల్లకి అడుగు దూలం మెడ ఎముక మీద కూర్చుందని నాకు తెలిసిపోయింది. "ఆపండ్రా, వాణ్ణి బయటికి తీయండి," అని ల్యాప్‌టాప్‌తో మొత్తుకున్నాను. పల్లకిని దించి మళ్లీ లేపినప్పుడు ఆ పాదం అక్కడ లేదు.

ఇక ఎప్పుడూ మెడ మీద బరువు పెట్టొద్దని డాక్టరు చెప్పాడని తర్వాతి ఉత్తరంలో నువ్వు తేలిగ్గా రాసేశావు. నేను ఆ వాక్యం దాటి చదవలేకపోయాను. మిగతాది అమ్మ చదివి వినిపించింది.

గుడ్డను తడిపి గట్టిగా పిండాలి. పొడిది జారుతుంది. మెలి పడకుండా మడిచి, మందమంతా ఎముకకు కాస్త కిందికి వచ్చేలా చూసుకోవాలి. ఎవరికి వారు కట్టుకోకూడదు. వెనక ఒకరు నిలబడి బిగించాలి. మా నాయనకు నేను బిగించేవాణ్ణి, నాకు ఆయన. నీకు నేను బిగించాల్సింది. ఇప్పుడు ఇది నీకు పనికిరాదని తెలుసు. నీ చోట మోసేవాడికైనా చెప్పు.

సెలవు దొరికితే రా. మన గుడి ఉత్సవంలో ఈసారి నిన్నేమీ మోయమనను. ఊరికే నా పక్కన నడువు.

ఇట్లు,
అడిగినప్పుడు చెప్పని
మీ నాన్న.