బావురుపిల్లి వచ్చిందా

నవంబర్ 7, శుక్రవారం
మస్కట్ నుంచి మా దుర్గ ఫోన్. ఇంకో రెండేళ్లు ఉండిపొమ్మని మేడం అడుగుతోందట. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలట. మీ ఇష్టమండీ అంది. నాకు ఒళ్లు మండింది. నీ ఇష్టమే అన్నాను. రా అని ఒక్క ముక్క అంటే నా సొమ్మేం పోయింది? అనలేదు. అక్కడ అది మేడం వాళ్లమ్మకి స్నానాలు చేయిస్తుంది, ఇక్కడ నేను రాజుగారి చేపలకి మేత వేస్తాను. ఇదీ మా కాపురం. చెరువు గట్టు మీద షెడ్డు బావురుమంటోంది.

నవంబర్ 9
చెరువులో శీలావతి చేపలు తగ్గిపోతున్నాయి. వెంకటరాజుగారు రాజోలు నుంచి పనిగట్టుకుని వచ్చి, ఏమయ్యా సూరిబాబూ, కాపలా కాస్తున్నావా, కునుకు తీస్తున్నావా అన్నారు. కాస్తున్నానండీ అన్నాను. రెండూ చేస్తున్నాను.

నవంబర్ 11, తెల్లవారుతుండగా
దొంగ దొరికింది. బావురుపిల్లి! ఇంటి పిల్లికి రెండింతలుంది. ఒళ్లంతా మచ్చలు, పొట్టి తోక. నీళ్ల అంచున కూర్చుని పంజాతో మెల్లగా తడుతోంది. పురుగు పడిందనుకుని చేప పైకొచ్చింది. అంతే, తల బుడుంగున ముంచి పట్టేసింది. పిల్లికి నీళ్లంటే భయమని ఎవడన్నాడో! వీడియో తీసి దుర్గకి పంపాను.

సాయంత్రం
దుర్గకి సెలవు శుక్రవారమే, అయినా ఇవాళ ఫోన్ చేసింది! మేడం పిల్లలు ఆ వీడియో వదలడం లేదట. దాని కాలివేళ్ల మధ్య బాతుకున్నట్టు తోలు ఉంటుందని ట్యాబ్‌లో వెతికి మరీ చూపించారట. దుర్గ నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో.

నవంబర్ 13
మళ్లీ ఫోన్. పిల్లి వచ్చిందాండీ, ఏం తిందండీ అని అడిగింది. నేను తిన్నానా అని అడగలేదు. దిక్కుమాలిన పిల్లి. అయినా చాలాసేపు మాట్లాడింది.

నవంబర్ 16
రాజుగారు గట్టు చుట్టూ వల కట్టించారు. పిల్లి రాలేదు. వచ్చిందని చెప్పాను.

నవంబర్ 17
వచ్చిందని చెప్పాను.

నవంబర్ 19
ఇవాళ కొర్రమీను పట్టిందన్నాను. మా చెరువులో కొర్రమీనే లేదు. నీళ్లు తడుతున్నది ఇప్పుడు నేనే. పురుగూ లేదు, పాడూ లేదు. పాపం, దుర్గ మాత్రం రోజూ పైకొస్తోంది. సిగ్గేసింది. మానలేదు.

నవంబర్ 21, శుక్రవారం
కొత్త వీడియో కావాలని పిల్లలు ఏడుస్తున్నారట. పాతదాన్నే ముందు ముక్క కోసేసి పంపాను. వెంటనే ఫోన్ చేసింది. ఇది పాతదే కదండీ, వెనక దండెం మీద అదే చీర కదా అంది. దొరికిపోయాను. ఆ నీలం చీర నాది, ఇంట్లో బీరువాలో ఉండాలి, చెరువు దగ్గరికి ఎందుకొచ్చిందండీ అంది. చలికి కప్పుకుంటున్నానన్నాను. దుప్పటి లేదా అంది. ఉందన్నాను.

అంతే, దుర్గ బావురుమంది.

వచ్చెయ్ దుర్గా అన్నాను. ఏడుస్తూనే ఆయ్ అంది.

నవంబర్ 29
మేడంకి చెప్పేసిందట. చీర ఉతకొద్దంది, వచ్చి తనే ఉతుకుతుందట.

తెల్లారేసరికి వల దూకి పిల్లి నిజంగానే వచ్చింది. నేను చెప్పలేదు. దుర్గ కూడా అడగలేదు.