గడియ తియ్యని చెయ్యి

ప్రియమైన కుట్టుమిషను మహారాణికి,

ఇక్కడ అంతా క్షేమం. నీకు తెలిసిందేగా, నా రాజు వేషానికి ఆయుష్షు తక్కువ. శత్రువులు తరుముకొస్తుంటే నా కోట తలుపు నేనే కొట్టి కొట్టి, మొదటి అంకంలోనే చచ్చిపోతాను. లోపల గడియ దగ్గర వినపడనట్టు నిలబడి, ఆనక గద్దెనెక్కే సేనాపతి వేషం మాస్టారిది. చప్పట్లన్నీ ఆయనకే.

ఒక సంగతి కడుపులో దాచుకో. మాస్టారు మాటలు మరిచిపోతున్నారు. నా చావు అయ్యాక నేను తెర వెనక నిలబడి మెల్లగా అందిస్తున్నాను. ఆయన దాన్ని అందుకుని ఎంత గొప్పగా పలుకుతారంటే, మరిచిపోయారని ఎవరికీ తెలియదు. నిన్న నా భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు వెనక ఉన్నావన్న ధైర్యంతోనే ఎక్కుతున్నానురా" అన్నారు. నాకు నటన నేర్పిన మనిషి అన్న మాట అది.

పెద్ద హాలు యజమానులు వచ్చే వారం మా ఆట చూడ్డానికి వస్తున్నారు. నచ్చితే ఏడాదంతా అక్కడే.

నీ
చచ్చిన రాజు

ప్రియమైన మహారాజుగారికి,

మీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. మాట మీది, మెప్పు ఆయనదీనా? దుకాణంలో ఎవరైనా మీ ఆయనది ఏం వేషమని అడిగితే, తొందరగా చచ్చిపోయే వేషమని చెప్పుకోవాల్సి వస్తోంది. సేనాపతి మాటలు మీరు నిద్రలో కూడా అప్పజెబుతారు. పోస్టరు మీద మీ బొమ్మ ఎప్పుడు పడుతుంది, మన జుట్టు నెరిశాకా?

ఆ పెద్దమనుషులు వచ్చిన రోజు, సరిగ్గా అందించే వేళకి మీకు కాస్త దగ్గొస్తే ఏమవుతుంది? ఊరికే అన్నాను. తిట్టకండి.

ఇట్లు,
మీ కోపిష్టి

ప్రియమైన నీకు,

సేనాపతి వేషం నాకిచ్చారు. పోస్టరు అచ్చవుతోంది. సంతోషిస్తావని ముందు ఆ మాటే రాశాను.

చివరి అంకంలో సేనాపతి తన తప్పు ఒప్పుకుంటూ, 'గడియ నా చేతిలోనే ఉంది' అనాలి. పెద్ద హాలు యజమానులు చూస్తుండగా, సరిగ్గా అక్కడ మాస్టారు ఆగిపోయారు. తెర వైపు చూశారు. మళ్లీ చూశారు. హాల్లో ఎవరో నవ్వారు, ఆ తర్వాత చాలామంది నవ్వారు. నేను అందించాను. నాకు దగ్గూ గిగ్గూ ఏమీ రాలేదు. అందించాను, ఆయనకి వినపడలేదంతే. ఆయనే అందరి ముందూ మేనేజరుతో, "వాడు చెప్పాడు, నా చెవులకే అందలేదు" అన్నారు. ఇంకెవరికీ అనుమానం లేదు. నువ్వూ పెట్టుకోకు.

ఆయన సామాను సర్దుకుంటుంటే సాయం చేద్దామని వెళ్లాను. గుమ్మం దాకా వెళ్లి, మొహానికున్న రంగు కడుక్కోలేదని వంక పెట్టుకుని తిరిగొచ్చేశాను. ఒకసారి వచ్చి నా సేనాపతిని చూడు. బాగా చేస్తున్నానంటున్నారు.

నీ
వాడు

ప్రియమైన మీకు,

వచ్చాను. చూశాను. మిమ్మల్ని కలవకుండా వెనక్కి వచ్చేశాను.

చాలా బాగా చేశారు. రాజు తలుపు కొడుతుంటే మీరు గడియ దగ్గర చెయ్యి కూడా కదపకుండా నిలబడ్డారు. నా పక్కన కూర్చున్నావిడ కళ్లు తుడుచుకుంటూ, ఆ కాలంలో ఇలాంటి మనుషులు ఉండేవాళ్లేమో అంది. నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. ఆ సేనాపతి సింహాసనం కోసం ఊరుకున్నాడు, మనం ఒక పోస్టరు కోసం. కత్తి పట్టనక్కర్లేదు, ఊరుకుంటే చాలు.

బయటికి వస్తుంటే మాస్టారు కనిపించారు. టిక్కెట్టు కొనుక్కుని వెనక వరసలో కూర్చున్నారట. మీరు రాసింది నిజమైతే బాగుండునని, చెవులు ఎలా ఉన్నాయని అడిగాను.

"నా చెవులకేం, బాగానే ఉన్నాయమ్మా. వాడు అందించలేదు. ఆ మాట నలుగురిలో అంటే వాణ్ణి మళ్లీ ఎవరు నమ్ముతారు?" అన్నారు.

దగ్గు సంగతి మీకు రాసింది నేనేనని అక్కడే చెప్పేశాను. జనం మధ్యలో తల ఎత్తలేకపోయాను. ఆయన తిట్టినా బాగుండేది, తిట్టలేదు. ఊరికే అన్నానని మీకు రాశాను కానీ, ఊరికే అనలేదు. ఆ సంగతి రాసేటప్పుడే నాకు తెలుసు.

రేపటి ఆటకి ముందే ఆయన దగ్గరికి వెళ్లండి, తర్వాత మేనేజరుకి చెప్పండి. నేనూ వచ్చి పక్కన నిలబడతాను. వేషం పోతే పోనివ్వండి.

వెళ్లబోతూ ఆయన నన్ను ఒక్కటే అడిగారు: "ఇప్పుడు వాడికి వెనక నిలబడి ఎవరందిస్తున్నారమ్మా?"

ఇట్లు,
మీ తప్పులో సగం