నడుమ నిలబడ్డవాడు

హువే,
ఆరో నెల పున్నమి మరునాడు.

చెల్లెలు థావోకు,

అక్క దియెప్ దీవించి రాయునది. నిన్న పున్నమికి అమ్మానాన్నల ఫొటోలున్న పీఠం దగ్గర అగరొత్తులు వెలిగించి, నీ మోకాళ్ళ నొప్పి తగ్గాలని మొక్కుకున్నాను. నేను బాగానే ఉన్నాను. నా ఫోను నువ్వు ఎత్తవు కాబట్టి ఈ ఉత్తరం మీ దానాంగ్ బస్సు డ్రైవరు చేత పంపుతున్నాను. దీంతోపాటు నువ్వుల మిఠాయి ఉంది. నా మీది కోపం దాని మీద చూపకు.

నిన్న మీ కోడలు ఫోను చేసింది. తోవాన్ సంవత్సరీకానికి పీఠం మీది అతని ఫొటో తీసేసి, గుర్తింపు కార్డు ఫొటో పెద్దది చేయించి పెడతానన్నావట. అది నేను తీసిన ఫొటో అనీ, దానివల్లే నీ మొగుడు పోయాడనీ అంటున్నావట. అది విన్నాకే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

నేను కెమెరా కొన్నానని తెలిసి ముందుగా నవ్వింది నువ్వే. సూదిలో దారం ఎక్కించలేని కళ్ళకు కెమెరా ఎందుకే అక్కా, కాటికి కాళ్ళు చాపుకున్నాక ఈ సోకులేంటి అన్నావు. ఏం చేయను, కుట్టుమిషను అమ్మేశాక పొద్దు గడవలేదు. నా కళ్ళు మసకైనా ఆ చిన్న తెర మీద తామర రేకు ఈనె కూడా కనిపిస్తుంది. ఇన్నేళ్ళూ ఊళ్ళో ఆడవాళ్ళ భుజాలూ నడుములూ కొలిచాను గాని, మొహాలు చూసింది కెమెరా పట్టాకే.

పొద్దున్నే తామర చెరువు దగ్గర చేరే ముసలి ఫొటోల జట్టులో ఆడదాన్ని నేనొక్కదాన్నే. మగవాళ్ళంతా ఒక పడవవాడికి సిగరెట్లిచ్చి, ఫొటో బాగా వచ్చేదాకా వల వేయిస్తూనే ఉంటారు. వలలో చేప లేకపోతేనేం తాతా, జేబు నిండుతోంది, ఇంకోసారి వెయ్యనా అంటాడు వాడు.

నిరుడు తామరలప్పుడు మీరిద్దరూ వచ్చారు. పెరట్లో కెమెరాను స్టాండు మీద పెట్టి, మీట నొక్కి, నేనూ పరుగెత్తుకొచ్చి మీ పక్కన నిలబడ్డాను. ముగ్గురం వద్దే అక్కా, నడుమ ఉన్నవాళ్ళు ముందు పోతారు, పక్కింటావిణ్ణి కూడా పిలు అన్నావు నువ్వు. తోవాన్ నీ రెక్క పట్టుకుని పక్కకు లాగి, నడుమ తాను నిలబడ్డాడు. ఈ వయసులో నన్ను ఎత్తుకుపోయి దయ్యాలేం చేసుకుంటాయే, కాళ్ళు పట్టించుకుంటాయా అన్నాడు. నవ్వాపుకోలేక నువ్వు అతని భుజం మీద ఒక్కటిచ్చావు. సరిగ్గా అప్పుడే ఫొటో పడింది.

ఎనిమిదో నెలలో అతను పోయాడు. శవం దగ్గర అందరూ వింటుండగా, నీ పెట్టె నా మొగుణ్ణి మింగిందే అన్నావు. ఇంటికొచ్చి కెమెరాను బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను. ఆ వెంటనే మొదలైన వానాకాలమంతా తీయలేదు. బియ్యం మాత్రం ఎంత చెమ్మ పీలుస్తాయి, అద్దం అంచున బూజు పట్టింది.

మళ్ళీ బయటికి తీయించింది పక్కింటి తామ్ ముసలమ్మ. నేను పోయాక పీఠం మీదకి కావాలి, ఫొటో తియ్యవే అంటూ వచ్చింది. పైన పెళ్ళినాటి పట్టు అంగీ, కింద ఇంట్లో వేసుకునే వెలిసిన పైజామా. ఇదేంటమ్మా అంటే, నడుము కింద ఎవడు చూస్తాడే, అగరొత్తులు మొహానికేగా వెలిగించేది అంది. తోవాన్ పోయాక నేను నవ్వింది అప్పుడే. ఆమె వెళ్ళాక కూర్చుని ఏడ్చాను. నాకు నువ్వు తప్ప తోబుట్టువు ఎవరున్నారు థావో.

నాతో మాట్లాడకపోయినా సరే. సంవత్సరీకానికి నన్ను గడప తొక్కనివ్వకపోతే వీధిలో నిలబడి దండం పెట్టుకుని వెళ్ళిపోతాను. ఆ ఫొటో మాత్రం తియ్యకు.

ఇట్లు,
నీ అక్క
దియెప్

తా.క. ఉత్తరం మడిచాక మళ్ళీ విప్పాను. చెప్పకుండా పంపితే నువ్వు నా మాట వినవు.

ఆ ఫొటో దిగేముందు నువ్వు తామర గింజలకని బజారుకు వెళ్ళినప్పుడు తోవాన్ వంటింట్లోకి వచ్చాడు. వదినా, పీఠం మీదకి నాకో ఫొటో తియ్యాలి అన్నాడు. కాలేయం చెడిపోయింది, ఇక లాభం లేదని డాక్టరు చెప్పాడట. నీకు తెలియనివ్వలేదు. ఒక్కణ్ణీ నిలబడితే థావో ఇట్టే కనిపెట్టేస్తది, పైగా అది పక్కన లేకపోతే నాకు నవ్వు రాదు అన్నాడు. ముగ్గురం కూడదయ్యా అని నేనూ అన్నాను. నడుమ నేనుంటాగా వదినా, ఎటూ పోయేవాణ్ణేగా, మీ ఇద్దరికీ ఆ భయం ఉండదు అన్నాడు.

రేపు అది నిన్ను తిడితే పడు అని కూడా అన్నాడు. ముందే చెప్పలేదని నా మీద అలిగితే బతిమాలుకోడానికి నేనుండను, నువ్వుంటావు అన్నాడు. అందుకే ఇన్నాళ్ళూ పడ్డాను.

ముగ్గురి ఫొటోలోంచి అతన్నొక్కణ్ణే వేరు చేసి పెద్దది చేసిన దుకాణంవాడు కోటూ టై తగిలిస్తానన్నాడు, భుజం మీది మరక చెరిపేస్తానన్నాడు. వద్దన్నాను. నువ్వు ఆ ఫొటో వంక సరిగా చూడనే చూడవట. ఒక్కసారి దగ్గరికి వెళ్ళి చూడు. అతని భుజం మీద ఉన్నది మరక కాదు, నీ వేళ్ళు.